డ్రిల్లు సారు పేరేంటి?

పోయిన వారం మా పదో తరగతి బ్యాచ్ వాట్సప్ గ్రూపులో పెద్ద గొడవైంది. మొదలెట్టింది నేనే. అక్కడ సగం చెప్పి మింగేసిన మాటలు ఇక్కడ పూర్తిగా కక్కితే గానీ నిద్ర పట్టేట్టు లేదు. అందుకే ఈ టపా. కొంచెం పొడుగైంది, ఓపిక చేసుకోండి.

విషయమేంటంటే, మాది అహోబిలం పక్కన ఒక పల్లె. మేం చదివిన హైస్కూలుకి ఏదైనా చేద్దామని చందాలేసుకున్నాం. బెంగుళూరు, హైదరాబాద్, డాలస్, న్యూజెర్సీ... సాఫ్టువేరోళ్ళమే ఎక్కువ కాబట్టి నాలుగు లక్షలు పోగవడానికి నాలుగు రోజులు కూడా పట్టలేదు. ఒకడు స్మార్ట్ బోర్డన్నాడు. ఇంకొకడు పది కంప్యూటర్లు కొని ఆడపిల్లలకి కోడింగ్ నేర్పిద్దామన్నాడు. నేను "ఆడపిల్లల ఆటలకి పెడదాం రా. ఒక లేడీ కోచ్‌ని పెట్టి, పోటీలకి పోయి రావడానికి ఛార్జీలిద్దాం" అన్నాను. కాసేపు ఎవడూ ఉలకలేదు, పలకలేదు. తర్వాత డాలస్ వాడు ఒక నవ్వు బొమ్మ పెట్టి, "ఆటలు కూడు పెడతాయా మామా? ఆడపిల్లలకి పనికొచ్చేది చూడు" అన్నాడు. దానికి పదకొండు బొటనవేళ్ళు!

ఇదే గ్రూపు 2025 నవంబర్ 2 రాత్రి ఏం చేసిందో చెప్తా వినండి. నవీ ముంబైలో మన ఆడవాళ్ళు దక్షిణాఫ్రికాని 52 పరుగులతో ఓడించి మొట్టమొదటి వన్డే ప్రపంచకప్ గెలిచారు కదా. ఆ రాత్రి గ్రూపులో ఒక్కడంటే ఒక్కడు నిద్రపోలేదు. "మన సీమ పిల్ల రా!", "కడప అమ్మాయి రా!" అని ఒకటే మోత. కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలం యర్రమల్లె నుంచి వచ్చిన శ్రీచరణి, ఆ టోర్నీలో 14 వికెట్లు తీసిన శ్రీచరణి, ఆ రాత్రి సగం మంది డీపీల్లో ఉంది. ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వం రెండున్నర కోట్లు, కడపలో వెయ్యి గజాల ఇంటి స్థలం, గ్రూప్-1 ఉద్యోగం ప్రకటిస్తే ఆ వార్తని మళ్ళీ పదిసార్లు తిప్పారు. ఆటలు కూడు పెడతాయా అనడిగిన పెద్దమనిషి డీపీ కూడా ఆ రోజు శ్రీచరణే.

అంటే మనకి కప్పు కావాలి. కప్పు తెచ్చే పిల్ల పక్కింట్లో పుట్టాలి. మన బడిలో పిల్లలు గ్రౌండులోకి దిగుతామంటే మాత్రం "పనికొచ్చేది చూడు".

ఆ రెండున్నర కోట్లు ఇవ్వొద్దని నేననడం లేదు. ఇవ్వాల్సిందే, ఆ పిల్ల కష్టం ఆ పిల్లది. నా గోలల్లా ఏంటంటే, ఈ లెక్కలన్నీ గెలిచాక మొదలవుతాయి. గెలవక ముందు, పన్నెండో ఏటో పదమూడో ఏటో, ఎవరో ఒకరు ఆ పిల్లని గ్రౌండులో చూసి, "ఈ పాపలో ఏదో ఉంది" అనుకుని, వాళ్ళ నాయన దగ్గరికెళ్ళి నచ్చజెప్పి, బస్సెక్కించి ఉంటారు. ఆ మనిషి పేరు మనకి తెలీదు. తెలుసుకోవాలన్న ధ్యాస కూడా లేదు. మన భాషలో చెప్పాలంటే డెమో అందరూ చూస్తారు, డెమో ఇచ్చినవాడికి అవార్డొస్తుంది. రిలీజు రాత్రి సర్వర్ దగ్గర తెల్లవార్లూ కూర్చున్నవాడి పేరు మెయిల్లో సీసీలో కూడా ఉండదు.

నాగపురి రమేష్ అన్న పేరు మీలో ఎంతమంది విన్నారు? విన్నవాళ్ళు ఈ పేరా వదిలేయండి. మిగతావాళ్ళు చదవండి. ఆయన అథ్లెటిక్స్ కోచ్. హైదరాబాద్‌లో స్పోర్ట్స్ అథారిటీ కోచ్‌గా ఏళ్ళ తరబడి పిల్లల్ని తయారు చేశాడు. 2016లో ద్రోణాచార్య అవార్డొచ్చింది. ఆయన చేతుల్లోంచి వచ్చిన ముగ్గురు తెలుగు ఆడపిల్లల సంగతి చెప్తా. జ్యోతి యర్రాజి విశాఖపట్నం పిల్ల. నాన్న సెక్యూరిటీ గార్డు. అమ్మ ఆసుపత్రిలో క్లీనింగ్ పని చేసింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో వంద మీటర్ల హర్డిల్స్ పరిగెత్తింది. ఒలింపిక్స్‌లో ఆ పందెంలో దిగిన మొదటి భారతీయురాలు తనే. రెండో పిల్ల అగసర నందిని. వాళ్ళ నాన్నది టీ కొట్టు. తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకుంటూ 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో హెప్టాథ్లాన్ కాంస్యం తెచ్చింది. మూడో పిల్ల జీవాంజి దీప్తి.

దీప్తి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. వరంగల్ జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ. పుట్టుకతోనే మేధోపరమైన వైకల్యం ఉంది. ఊళ్ళోవాళ్ళు కోతి అని ఏడిపించేవాళ్ళు. కూలికెళ్ళే అమ్మానాన్నలు, అమ్ముకోవాల్సొచ్చిన కాస్త పొలం. ఊళ్ళో బడి పీఈటీ ఆ పిల్ల పరుగు చూశాడు. తర్వాత రమేష్ చూశాడు. హైదరాబాద్‌కి పంపమంటే ఇంట్లో బస్సు టికెట్టుకి డబ్బుల్లేవు. టికెట్టు సంగతి కూడా రమేషే చూసుకున్నాడు. గోపీచంద్ చెప్పిన సలహాతో సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థలో పరీక్షలు చేయించి, పారా పోటీలకి పంపారు. 2024 మేలో జపాన్‌లోని కోబేలో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు పెట్టింది. అదే ఏడు సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం. బహుమతి డబ్బుతో అమ్మిన పొలానికి బదులు మళ్ళీ పొలం కొనుక్కున్నారు.

ఆటలు కూడు పెడతాయా అంటే, ఇదిగో, పొలం కూడా పెట్టాయి. సరే, అందరికీ పెట్టవు, ఒప్పుకుంటా. ఆ మాటకొస్తే కోడింగ్ మాత్రం అందరికీ పెడుతోందా? బెంచి మీద కూర్చున్నవాళ్ళని, లేఆఫ్ మెయిలొచ్చి ఈఎంఐ కట్టలేక నలిగిపోతున్నవాళ్ళని అడగండి.

ఆ మాట పక్కన పెట్టి అసలు పాయింటుకొద్దాం. కల్లెడ నుంచి వచ్చింది దీప్తి ఒక్కతే కాదు. ఆ పల్లెటూరి బళ్ళోనే విలువిద్య మొదలుపెట్టిన వర్ధినేని ప్రణీత 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కి వెళ్ళింది. ఒకే పల్లె, ఒకే బడి. ఒకమ్మాయి ఒలింపిక్స్‌కి, ఇంకో అమ్మాయి పారాలింపిక్స్‌కి. కల్లెడ నీళ్ళలో ఏమైనా మహిమ ఉందా? లేదు. ఆ బడి నడిపేవాళ్ళు ఆటల్ని పాఠం కింద లెక్కేశారు, గ్రౌండులో ఒక మనిషిని నిలబెట్టారు. అంతే.

ఇంకా వెనక్కి పోదాం. శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస పక్కన ఊసవానిపేట. అక్కడ నీలంశెట్టి అప్పన్న అని ఒక కోచ్. ఆడపిల్లలతో బరువులెత్తించేవాడు. కరణం మల్లీశ్వరి పన్నెండో ఏట ఆయన దగ్గరే మొదలుపెట్టింది. వాళ్ళ అక్కదీ అదే దారి. అప్పటికి ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళ వెయిట్ లిఫ్టింగే లేదు, 2000లో గానీ పెట్టలేదు. పెట్టిన మొదటి ఏడే సిడ్నీలో మల్లీశ్వరి 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ. ఒలింపిక్స్‌లో లేని ఆటని, ఆడపిల్లలకి, ఆ రోజుల్లో ఒక పల్లె పక్కన నేర్పాలంటే ఎంత గుండె కావాలి! మార్గదర్శి అంటే నా దృష్టిలో అదీ. మల్లీశ్వరి పేరు క్విజ్జుల్లో అడుగుతారు. అప్పన్న పేరు అడగరు.

మన సీమలోనే చూడండి. అనంతపురం జిల్లా నార్పల మండలం బండ్లపల్లి. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది ఆ ఊళ్ళోనే. కూలి పనికి గ్యారంటీ ఎక్కడ ముందు అవసరమో చూసి ఎంచుకున్న కరువు పల్లె అది. అక్కణ్ణుంచి వచ్చిన బారెడ్డి అనూష 2023 జులైలో బంగ్లాదేశ్ మీద భారత జట్టుకి ఆడింది. ఎట్ల? అనంతపురంలో ఆర్డీటీ వాళ్ళ గ్రౌండు ఉంది కాబట్టి. అక్కడ కోచ్‌లున్నారు కాబట్టి.

చెప్పొచ్చేదేమంటే, ప్రతిభ అన్ని ఊళ్ళల్లోనూ పుడుతుంది. డ్రిల్లు సారే అన్ని ఊళ్ళల్లోనూ ఉండడు. ఉన్నచోట నాలుగు మొక్కలు లేస్తాయి. లేనిచోట విత్తనం మట్టిలోనే మాడిపోతుంది. ఆ మాడిపోయిన వాటిని ఎవడూ లెక్కెయ్యడు కాబట్టి "మా ఊళ్ళో అట్లాంటోళ్ళు లేరు లే" అనుకుంటాం.

ఇప్పుడు అసలు కథ. ఇది రాయాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను.

1997 దసరా సెలవులు. నేను ఇంజినీరింగ్ చదువుతూ ఇంటికొచ్చాను. మా చెల్లెలు తొమ్మిదో తరగతి. ఖోఖో ఆడేది. ఆడేది అంటే మామూలుగా కాదు, పోల్ దగ్గర డైవ్ కొడితే మోచేతులు చీరుకుపోయినా లేచి నవ్వేది. ఆ ఏడు వాళ్ళ టీము జిల్లా పోటీలకి ఎంపికైంది. పోటీలు కర్నూలులో. ఆళ్ళగడ్డలో ఒక బస్సు, నంద్యాలలో ఇంకో బస్సు మారి పోవాలి. రెండు రాత్రులు అక్కడే ఉండాలి. బళ్ళో ఆడ టీచరు ఒక్కరు కూడా లేరు.

ఒక సాయంత్రం డ్రిల్లు సారు ఇంటికొచ్చాడు. అరుగు మీద కూర్చుని, "అన్నా, పన్నెండు మందిలో ఎనిమిది మంది ఇండ్లల్లో ఒప్పుకున్న్యారు. తొమ్మిది మంది ఉంటేనే టీము. మీ పాప వస్తే పోతాం, రాకుంటే లేదు" అని నాయనని అడిగాడు. నాయన ఊగిసలాడాడు. అవి ఎట్లాంటి రోజులో సీమవాళ్ళకి చెప్పక్కర్లేదు. చీకటి పడితే మగవాళ్ళే బస్సెక్కడానికి వెనకాడేవాళ్ళు. సారు ఇంకో మాట కూడా అన్నాడు. "మా ఇంటామెని వెంట తీసుకొస్తా అన్నా. పిల్లలతోపాటే పండుకుంటాది." ఆ మాటకి నాయన మెత్తబడ్డాడు. అమ్మ వాకిట్లోంచి "పోనీలే, రెండు రోజులే కదా" అంది.

వద్దన్నది నేను.

పట్నంలో చదువుతున్న కొడుకుని కదా, నా మాటకి విలువెక్కువ. "మగ సారు వెంట ఆడపిల్లని రెండు రాత్రులు పంపిస్తామా? రేపు సంబంధాలు చూసేటప్పుడు ఎవరన్నా అంటే? ముందు లెక్కల్లో మార్కులు తెచ్చుకోమను" అన్నాను. అంతే, అయిపోయింది. సారు కాసేపు నేల చూసి, నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు. ఆ ఏడు మా బడి నుంచి ఆడపిల్లల టీము పోలేదు. నేను ఆపింది ఒక్క పిల్లని కాదు, తొమ్మిది మందిని.

మా చెల్లెలు ఏడవలేదు. మళ్ళీ ఖోఖో ఆడనూ లేదు.

ఇదంతా ఎక్కడ జరిగింది? అహోబిలం ఒడిలో. నరసింహస్వామి అంతటివాడు అడవిలో విల్లు పట్టుకుని వేటాడే చెంచుపిల్లని చూసి మనసు పారేసుకుని పెళ్ళాడాడని చెప్పుకునే చోట. కనుమ పండగనాడు పారువేట మొదలైతే స్వామి ముప్పై రెండు పల్లెలు తిరుగుతాడు. ప్రతి పల్లెలో పల్లకీ ముందు వంగి దండం పెడతాం. చెంచులక్ష్మి విల్లు పట్టుకుంటే మనకి దేవత. మనింటి పిల్ల ఖోఖోకి నిక్కరేసుకుంటే మాత్రం పరువు సమస్య. స్వామి నవ్వుకుంటూనే ఉండుంటాడు, ఎంత ఉగ్రమూర్తయినా.

ఇప్పుడు డాలస్ మిత్రుడి దగ్గరికొద్దాం. వాడి కూతురు అక్కడ హైస్కూలు వాలీబాల్ టీములో ఉంది. శని, ఆదివారాలు రెండేసి గంటలు కారు నడిపి టోర్నమెంట్లకి తిప్పుతాడు. మంచి తండ్రి, తప్పేం లేదు. కానీ ఆ వాలీబాల్ కోర్టు అక్కడ ఆకాశంలోంచి ఊడిపడలేదు. 1972లో టైటిల్ నైన్ అని ఒక చట్టం చేశారు. ప్రభుత్వ డబ్బు తీసుకునే ఏ బడీ, కాలేజీ ఆడ, మగ తేడా చూపకూడదని. ఆ చట్టంలో ఆటల మాటే లేదు. అయినా దాన్ని పట్టుకుని టీచర్లు, కోచ్‌లు, తల్లిదండ్రులు కొట్లాడారు. చట్టానికి ముందు 1971-72లో దేశం మొత్తమ్మీద హైస్కూలు ఆటల్లో ఉన్న ఆడపిల్లలు 2 లక్షల 94 వేలు. మగపిల్లలు 36 లక్షల పైచిలుకు. 2018-19కి ఆడపిల్లల లెక్క 34 లక్షలయింది. అమెరికా ఆడపిల్లల రక్తం యాభై ఏళ్ళలో మారిపోయిందా? తలుపు తీశారు, అంతే. అక్కడ తీసిన తలుపులోంచి తన కూతుర్ని పంపించి, ఇక్కడ తన ఊరి పిల్లలకి "పనికొచ్చేది చూడు" అనడాన్ని ఏమనాలి? నేను పేరు పెట్టను, మీరే పెట్టుకోండి.

మన చట్టం సంగతీ చూడండి. 2009 విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలంది, బాగుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో పిల్లలు వంద దాటితే వ్యాయామ విద్యకి ఒక ఇన్‌స్ట్రక్టర్ ఉండాలంది. ఎట్లాంటి ఇన్‌స్ట్రక్టర్? పార్ట్ టైం! ఒలింపిక్ పతకాలు ఫుల్ టైం కావాలి, డ్రిల్లు సారు మాత్రం పార్ట్ టైం చాలు.

గ్రూపులో ఇంకో వాదన వచ్చింది. "ఇదంతా ప్రభుత్వం పని రా, మనదేంటి?" అని. నిజమే. మరి స్మార్ట్ బోర్డు ప్రభుత్వం పని కాదా? కంప్యూటర్లు కాదా? వాటికి అడ్డురాని సిద్ధాంతం ఆటలకే ఎందుకొచ్చిందో! నా మటుకు నాకు అనిపించేది ఒకటే. బోర్డు మీద దాత పేరు రాయొచ్చు, రిబ్బను కత్తిరించి ఫోటో దిగొచ్చు. బస్సు టికెట్టు మీద పేరెక్కడ రాస్తాం?

ఒక వాదన మాత్రం నేను తీసిపారేయలేను. "ఆడపిల్లల్ని మగ కోచ్‌ల చేతుల్లో ఎట్ల పెడతాం?" అని ఒకడడిగాడు. 2023లో మన మల్లయోధురాళ్ళు జంతర్ మంతర్ దగ్గర రోడ్డు మీద కూర్చున్నది అందరం చూశాం. ఆ భయం ఉత్తది కాదు. మా నాయన భయమూ ఉత్తది కాదు. అయితే భయానికి మందు ఏంటి? పిల్లని ఇంట్లో పెట్టడమా, ఆడ కోచ్‌ని పెట్టడమా? 1997లో ఆ సారు జవాబు వెతికాడు, భార్యని వెంట తెస్తానన్నాడు. నేను వెతకలేదు. వద్దనడం సులువు కాబట్టి వద్దన్నాను. నా భయం మా చెల్లెలి కోసం కాదు, ఊరేమనుకుంటుందోనని. ఈ తేడా అర్థమవడానికి నాకు పాతికేళ్ళ పైన పట్టింది.

ఉత్త తిట్లే కాదు, లెక్క కూడా ఇస్తున్నా. ఊళ్ళోనే డిగ్రీ చేసి ఖాళీగా ఉన్న ఒకప్పటి క్రీడాకారిణిని చూసి పార్ట్ టైం కోచ్‌గా పెడితే నెలకి 12 వేల చొప్పున ఏడాదికి లక్షా 44 వేలు. 24 జతల బూట్లు, జత వెయ్యి లెక్కన 24 వేలు. ఏడాదికి నాలుగు పోటీలు, ఛార్జీలు, తిండి, వెంట ఒక ఆడమనిషి ఖర్చుతో సహా ఒక్కోదానికి 15 వేలు, మొత్తం 60 వేలు. ముప్పై మంది పిల్లలకి సాయంత్రం గుడ్డు, చిక్కీ, రెండొందల రోజులు, రోజుకి మనిషికి 15 రూపాయలు, 90 వేలు. అన్నీ కలిపి 3 లక్షల 18 వేలు. మన దగ్గరున్నది నాలుగు లక్షలు. మిగిలిన 82 వేలతో ఆడపిల్లల బాత్రూంకి నీళ్ళ కనెక్షనూ, తలుపుకి గడియా పెట్టించొచ్చు. గడియ లేక ఆట మానేసిన పిల్లలు ఎంతమందో.

ఈ లెక్క గ్రూపులో పెట్టి, చివర్న ఒక ప్రశ్న వేశాను. "మన లెక్కల సారు పేరేంటి?" నిమిషంలో ఇరవై జవాబులు, ఇంటి పేరుతో సహా. "మన డ్రిల్లు సారు పేరేంటి?" ఒక్కటీ రాలేదు. "డ్రిల్లు సారే కదరా" అన్నాడొకడు. సిగ్గేంటంటే, నాకూ గుర్తు లేదు. మా అరుగు మీద కూర్చుని మా నాయనని బతిమాలుకున్న మనిషి పేరు నాకు గుర్తు లేదు!

మా చెల్లెలికి ఫోన్ చేశాను. నంద్యాలలో ఉంటుంది, వాళ్ళ పాప ఇప్పుడు ఎనిమిదో తరగతి. అడగడమే ఆలస్యం, ఇనిషియల్‌తో సహా చెప్పింది. ఆయన ఊరు, వాళ్ళావిడ పేరు కూడా చెప్పింది. ఆ తర్వాత అంది, "ప్రపంచకప్పు ఫైనల్ నేనూ పాపా చూస్తిమి అన్నా. ఆ కడప పిల్లకి ఇంజినీరింగ్ చదివిన అన్న లేడేమో లే."

నవ్వుతూనే అంది. నేను నవ్వలేకపోయాను.

సారు రిటైరై ఆళ్ళగడ్డ వైపే ఎక్కడో ఉన్నాడంట. పేరు ఇక్కడ రాయను, ఆయన్ని అడగలేదు కదా. ఈ సంక్రాంతికి పోయి కలుస్తా. ఏం మాట్లాడాలో ఇంకా తెలీదు. గ్రూపులో ఏడుగురు నా లెక్కకి ఒప్పుకున్నారు, మిగతావాళ్ళు స్మార్ట్ బోర్డు దగ్గరే ఆగారు. ఏడుగురితోనే మొదలుపెడతాం. ఈ ఏడాది కోచ్ జీతం నాది.

మీరూ ఒక పని చేయండి. మీ బడి డ్రిల్లు సారు పేరు గుర్తు తెచ్చుకోండి. వస్తే మీరు నాకంటే నయం. రాకపోతే మీ అక్కనో చెల్లెల్నో అడగండి. ఆ తర్వాత వాళ్ళేమంటారో కూడా వినండి.